సున్నిత చర్మానికి ‘సహజ’ సూర్యరక్షక లేపనం: కోటప్పకొండ ఎండ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మాఘ బహుళ చతుర్దశినాడు కోటప్పకొండ తిరునాళ్లకు నడిచివచ్చే భక్తులూ, అవే రోజుల్లో ఆ చుట్టుపక్కల మిరపచేలల్లో కాయకోసే కూలీలూ ఒకే ఎండను భరిస్తారు. ఆ ఎండకు మంట, దురద, మంగు వంటి బాధలు పడేవారు ‘రసాయనాలు లేనిది’, ‘సహజమైనది’ అనే హామీతో వచ్చే లేపనాలవైపు మొగ్గు చూపడం ఇటీవల పెరిగింది. సున్నిత చర్మం విషయంలో ‘సహజం’ అనే మాట ఎంతవరకు నమ్మదగిన గుర్తు, ఎక్కడ అది దారి తప్పిస్తుంది, ఏ ప్రమాణాలతో లేపనాన్ని ఎంచుకోవాలి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పల్నాడు ప్రాంతపు వాతావరణం, వ్యవసాయం, ఆచారాలు ఈ పరిశీలనకు ఆధారభూమికలు.

కీలకపదాలు: సున్నిత చర్మం, సూర్యరక్షక లేపనం, జింక్ ఆక్సైడ్, మంగు, వయ్యారిభామ, కోటప్పకొండ, పల్నాడు.

1. ఉపోద్ఘాతం

పల్నాడు ఎండ అనగానే అందరికీ గుర్తుకొచ్చేది రెంటచింతల. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటిగా ఆ ఊరి పేరు ప్రతి వేసవిలో పత్రికలకెక్కుతుంది. అందువల్ల ఈ ప్రాంతవాసులు ఎండ తీవ్రతను వేడిని బట్టి, వడగాలిని బట్టి అంచనా వేయడానికి అలవాటుపడ్డారు. చర్మానికి సంబంధించినంతవరకు ఈ కొలత సరైనది కాదు. చర్మాన్ని కమిలించేది, నల్లబరిచేది ప్రధానంగా అతినీలలోహిత కిరణాలు. వాటి తీవ్రత గాలి వేడిమిమీద కాక, సూర్యుడు నడినెత్తికి ఎంత దగ్గరగా ఉన్నాడన్న దానిమీద ఆధారపడుతుంది.

కోటప్పకొండ ఇంచుమించు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచేది ఏడాదికి రెండుసార్లు: మే మొదటివారంలో ఒకసారి, ఆగస్టు రెండవవారం దరిదాపుల్లో మరొకసారి. మొదటిది అందరూ ఒప్పుకునే వేసవి. రెండవదాన్ని ఎవరూ ఎండగా లెక్కించరు; అది వానకాలం, పత్తిచేలో కలుపు తీసే కాలం. పలుచని మబ్బు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా కిందికి వదలగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మబ్బు పట్టిన రోజున చేలో పనిచేసినవారి ముఖం సాయంత్రానికి కమిలిపోవడంలో వింత లేదు.

మహాశివరాత్రి ఈ రెండింటి మధ్య మరో రకమైన మరుగు. ఫిబ్రవరి నడిమి నుంచి మార్చి నడిమి లోపల వచ్చే ఆ పర్వదినాన గాలి ఇంకా చల్లగానే వీస్తుంది. మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో మనిషి నీడ అతని ఎత్తులో ఇంచుమించు సగానికి కుదించుకుపోతుంది. నీడ ఎత్తుకంటే పొట్టిగా ఉన్నప్పుడు రక్షణ అవసరమన్నది చర్మవైద్యులు చెప్పే సులభసూత్రం. నిర్మలాకాశం ఉంటే ఆ వేళ అతినీలలోహిత సూచిక 8 దాటుతుంది; అది ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘చాలా తీవ్రం’ అని పేర్కొన్న శ్రేణి. ఊళ్లనుంచి ప్రభల వెంట గంటలతరబడి నడిచి, కొండెక్కి, వరుసలో నిలబడి దర్శనం చేసుకునే వారికి చల్లగాలి తప్ప మరే హెచ్చరికా అందదు. కొండ ఎత్తు 500 మీటర్ల లోపే కనుక ఎత్తువల్ల పెరిగే తీవ్రత 5 శాతానికి మించదు. కొండెక్కితే ఎండ మండిపోతుందని అనిపించడానికి కారణం శ్రమ, చెమట, నీడ లేకపోవడం.

2. సున్నిత చర్మం: ఒక నిర్వచనం, కొన్ని కారణాలు

‘నాది సెన్సిటివ్ స్కిన్’ అనే మాట ఇవాళ కళాశాల తరగతిగదుల్లోనూ వినబడుతుంది. దురదపై అధ్యయనం చేసే అంతర్జాతీయ వేదిక 2017లో దీనికొక నిర్వచనం ఇచ్చింది. మామూలుగా ఏ బాధా కలిగించకూడని ప్రేరణలకు చర్మంలో చిమచిమ, మంట, నొప్పి, దురద, జలదరింపు వంటి అసుఖానుభూతులు కలగడమే సున్నిత చర్మ లక్షణం. చర్మం చూడటానికి మామూలుగానే ఉండవచ్చు, ఎర్రబడి ఉండవచ్చు. ఇది రోగి చెప్పే అనుభవంపై ఆధారపడిన నిర్వచనమన్నది గమనార్హం. దీన్ని అలర్జీతో కలిపివేయరాదు. అలర్జీలో రోగనిరోధక వ్యవస్థ ఒక నిర్దిష్ట పదార్థాన్ని గుర్తుపట్టి ఎదురుతిరుగుతుంది. అతిస్వల్ప పరిమాణం కూడా చాలు. సున్నిత చర్మంలో సాధారణంగా జరిగేది పైపొర రక్షణ బలహీనపడి నాడుల చివర్లు త్వరగా రేగడం.

ఆ పైపొరను బలహీనపరిచే కారణాల్లో మన ప్రాంతంలో ఒకదాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. మందులదుకాణంలో చీటీ లేకుండా కొనుక్కుని, రంగు తేలడానికని నెలల తరబడి ముఖానికి రాసుకునే స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పలచబరుస్తాయి. అవి మానిన వెంటనే ముఖం ఎర్రబడి మండుతుంది, కాస్త ఎండ తగిలినా భరించలేదు; దాంతో మళ్లీ అదే క్రీమును ఆశ్రయిస్తారు. ఈ స్థితి ఎంత విస్తృతమంటే భారతీయ చర్మవైద్యులు దానికి ‘స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం’ అని ప్రత్యేకంగా పేరు పెట్టుకోవలసి వచ్చింది. అటువంటివారు సహజ లేపనం కోసం వెదకడం అర్థం చేసుకోదగినదే. అయితే వారి అసలు సమస్య లేపనంలో లేదు.

వృత్తి మరొక కారణం. కోటప్పకొండ తిరునాళ్ల కాలం మిరప కోతల కాలం కూడా. కాయకోతలో, కల్లాల్లో ఆరబెట్టడంలో, తాలుకాయలు ఏరడంలో చేతులకంటిన కారం చెమటతో ముఖానికి చేరుతుంది. మిరపలోని కాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కనుక చేతులకు ముందుగా నూనె పట్టించి, ఆపై సబ్బుతో కడుక్కోవడం మేలు. కారం అంటిన చేతితోనే ఏ లేపనం రాసుకున్నా ముఖం మండుతుంది. నింద మాత్రం లేపనంపై పడుతుంది.

3. ‘సహజం’ అనే మాట

సహజం అంటే సంస్కృతంలో ‘తోడ పుట్టినది’. పుట్టుకతో వచ్చిన గుణానికి వాడిన ఈ మాట వాణిజ్యభాషలో ‘చెట్టునుంచి వచ్చినది’ అనీ, అక్కడినుంచి ‘హాని చేయనిది’ అనీ జారింది. ఈ రెండవ జారుడుకు శాస్త్రాధారం లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సౌందర్యసాధనాల విషయంలో ఈ మాటకు నిర్వచనమే ఇవ్వలేదు. ‘రసాయన రహితం’ అనే ప్రకటనకైతే అర్థమే లేదు. నీరు కూడా రసాయనమే.

అచ్చమైన వ్యుత్పత్త్యర్థంలో తీసుకుంటే మనకున్న సహజ సూర్యరక్షణ మెలనిన్. 1979లో నల్లజాతి, శ్వేతజాతి వారి బాహ్యచర్మాలను పోల్చిన ఒక అధ్యయనంలో యూవీబీ కిరణాలనుంచి రక్షణాంకం నల్లచర్మానికి సగటున 13.4గా, తెల్లచర్మానికి 3.4గా తేలింది. తెలుగువారి మేనిఛాయలు చాలావరకు ఈ రెంటి నడుమ పడతాయి. మనలో ఎండవల్ల వచ్చే చర్మక్యాన్సర్ అరుదు కావడానికి ఇదే ముఖ్యకారణం. అయితే ఆ రక్షణకు మూల్యం ఉంది. చిన్న రాపిడికి, చిన్న మంటకు కూడా మెలనిన్ కణాలు అతిగా స్పందించి నెలల తరబడి మచ్చలు నిలుపుతాయి. పాశ్చాత్యులు సూర్యరక్షక లేపనాన్ని కమిలిపోకుండా, క్యాన్సర్ రాకుండా వాడతారు. మనం ఎక్కువగా వాడవలసింది మచ్చ మిగలకుండా. ఈ భేదం గుర్తించకుండా విదేశీ సలహాలను యథాతథంగా అనువదించిన రచనలు తెలుగులో చాలా కనబడుతున్నాయి.

4. పెరటి మొక్కలు, వంటింటి నూనెలు

మన సంప్రదాయంలో మేనిఛాయకు సంబంధించిన ఔషధాల చర్చ ప్రాచీనమే. చరకసంహిత చెప్పిన ‘వర్ణ్య’ గణంలో చందనం, వట్టివేరు, యష్టిమధుకం, మంజిష్ఠ, సుగంధిపాల వంటి పది ద్రవ్యాలున్నాయి. ఇవి వర్ణాన్ని మెరుగుపరిచే ద్రవ్యాలుగా పేర్కొన్నవి, ఎండను అడ్డుకునేవిగా కాదు. సుశ్రుతసంహిత క్షుద్రరోగాల్లో చెప్పిన ‘వ్యంగం’ లక్షణాలు నేటి మంగుకు దగ్గరగా ఉంటాయి; దానికి కోపాన్ని, ఆయాసాన్ని కారణాలుగా చెప్పింది. ప్రాచీన గ్రంథాలు చెప్పనిదాన్ని వాటికి అంటగట్టి ‘మన పూర్వుల సన్‌స్క్రీన్’ అని రాయడం ఆ గ్రంథాలకు గౌరవం కాదు.

కొబ్బరినూనెకు సూర్యరక్షణాంకం 7 ఉందన్న వాదం చాలాచోట్ల వినిపిస్తుంది. దీని మూలం 2010లో ‘ఫార్మకాగ్నసీ రీసెర్చ్’ పత్రికలో కౌర్, సరాఫ్ ప్రచురించిన పరిశోధన. అందులో ఆలివ్ నూనెకు సుమారు 7.5, కొబ్బరినూనెకు సుమారు 7.1, నువ్వులనూనెకు సుమారు 1.8 విలువలు వచ్చాయి. వ్యాసకర్తలు తాము చేసిందేమిటో దాచలేదు. శీర్షికలోనే అది ప్రయోగశాల పరీక్ష అని ఉంది. నూనెను ఆల్కహాలులో పలుచన చేసి, 290 నుంచి 320 నానోమీటర్ల మధ్య అది ఎంత కాంతిని పీల్చుకుంటుందో వర్ణపటమాపకంతో కొలిచి, ఒక సూత్రంతో అంకంగా మార్చారు. ఆ పద్ధతిలో మనిషి చర్మం లేదు, చెమట లేదు, నూనెపొర మందం లేదు, యూవీఏ కొలతే లేదు. ఒకవేళ 7 నిజమేననుకున్నా, కమిలించే కిరణాల్లో ఏడోవంతు, అంటే 14 శాతం లోపలికి పోతాయి. 30 అంకమున్న లేపనంలో పోయేది 3 శాతానికి కాస్త ఎక్కువ. ఇంకో విశేషం. సోరియాసిస్ రోగులకు కాంతిచికిత్స చేసేముందు పొలుసులమీద కొబ్బరినూనె వంటివి రాయడం వైద్యంలో ఉంది. పొలుసులవల్ల చెదిరిపోయే కాంతి నూనెవల్ల సాఫీగా లోపలికి దిగుతుందనే ఆ పని చేస్తారు. ఎండను అడ్డుకోవడానికి మనం నమ్మిన పదార్థాన్ని వైద్యుడు కాంతిని లోపలికి పంపడానికి వాడుతున్నాడు.

పసుపు సంగతి వేరు. అందులోని కుర్కుమిన్ ఎక్కువగా పీల్చుకునేది 425 నానోమీటర్ల దగ్గరి నీలికాంతిని. పైగా అది వెలుతురులో తానే విచ్ఛిన్నమవుతుంది. కుర్కుమిన్‌కు అలర్జీ ఉన్నవారున్నారు. పసుపు, సున్నంతో ఇంట చేసుకున్న కుంకుమ స్థానంలో వచ్చిన కృత్రిమ రంగుల కుంకుమ నొసట నల్లమచ్చ మిగల్చడం భారతీయ చర్మవైద్య సాహిత్యంలో బాగా నమోదైన విషయం. విభూతి క్షారగుణం కలది. పలుచని గీతలుగా ధరించినప్పుడు చిక్కులేదు కానీ, సున్నితమైన ముఖానికి మెత్తి ఎండలో చెమట పడితే మంట పుట్టవచ్చు. కలబంద గుజ్జు కమిలిన చర్మానికి చల్లదనమిస్తుంది, ఎండను మాత్రం చెప్పుకోదగినంత ఆపదు. మట్టను కోయగానే కారే పచ్చని రసం దురద పుట్టిస్తుంది కనుక అది పూర్తిగా కారిపోయాకనే గుజ్జు తీయాలి.

వీటన్నింటికంటే ప్రమాదకరమైనది నిమ్మరసం. నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలున్నాయి. అవి చర్మంమీద ఉండగా యూవీఏ తగిలితే ఆ చోట కాలినట్లు బొబ్బలు లేస్తాయి. దద్దురు వెంటనే రాదు. ఒకటి రెండు రోజుల తరువాత వస్తుంది. కనుక కారణం ఎవరికీ తట్టదు. ఆపై నల్లని చారలు నెలలపాటు నిలుస్తాయి. మచ్చలు పోవడానికి ముఖానికి నిమ్మరసం రాసి ఆరుబయట తిరిగినవారు మచ్చలు కొనితెచ్చుకుంటున్నారన్న మాట. బావంచాల నూనెలోనూ ఈ జాతి పదార్థాలే ఉన్నాయి. ఆ గుణాన్నే బొల్లి చికిత్సలో, ఎండతో కలిపి, వాడుకున్నారు. చర్మం నల్లబడటమే అక్కడ కావలసింది. ఔషధంగా సార్థకమైన అదే గింజ, ‘హెర్బల్’ లేపనంలో శుద్ధి చేయకుండా చేరితే ఫలితం తలకిందులవుతుంది.

5. వయ్యారిభామ, చామంతి, ‘పడని’ లేపనం

ఈ అంశాన్ని విస్తరించి చెప్పడానికి కారణం ఉంది. పల్నాడులో మెట్టచేల గట్లమీద, రోడ్ల పక్కన, పాడుబడిన స్థలాల్లో వాన పడగానే విరగబడి పెరిగే వయ్యారిభామ ఈ నేల మొక్క కాదు. అమెరికా ఖండాలకు చెందిన ఈ కలుపును 1950ల నడుమ పుణె ప్రాంతంలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందన్నది ప్రచారంలో ఉన్న అభిప్రాయం. ఆ తరువాత దేశమంతటా పాకింది. దీని ఆకుల నూగులో, పుప్పొడిలో, ఎండి పొడి అయిన ముక్కల్లో పార్థెనిన్ అనే సెస్క్విటెర్పీన్ లాక్టోన్ ఉంటుంది. గాలిలో ఎగిరివచ్చే ఆ ధూళికి అలర్జీ ఏర్పడినవారికి కనురెప్పలు, మెడ మడతలు, మోచేతి మడతలు మొదట దురదపెడతాయి. కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ వ్యాధి రూపు మారి, బట్ట కప్పని చోటల్లా చర్మం మందమెక్కి, చివరికి ఎండే పడని స్థితికి వస్తుంది.

ఇటువంటి రైతు లేదా కూలీ ‘ఎండ పడటం లేదు’ అనే ఫిర్యాదుతో సహజ సూర్యరక్షక లేపనం కొనుక్కుంటారనుకుందాం. మృదువైనవిగా పేరుపొందిన లేపనాల్లో తరచు చేర్చేవి చమోమిల్, కాలెండ్యులా, ఆర్నికా సారాలు. ఇవన్నీ పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్కలు. వయ్యారిభామ కూడా ఆ కుటుంబానిదే. ఒకదానికి ఏర్పడిన అలర్జీ మరొకదానికి సంక్రమించే అవకాశం ఉంది. మనదేశంలో వయ్యారిభామ రోగుల్లో చామంతి పట్లా అలర్జీ కనబడటం తెలిసిన విషయమే. చర్మాన్ని ఊరడించడానికి చేర్చిన సారమే చర్మాన్ని రేపుతుంది. దేవాలయాల దగ్గర చామంతి, బంతి దండలు గుచ్చేవారి వేళ్లు, ముఖం దురదపెట్టినప్పుడు కూడా ఈ కోణంనుంచి ఆలోచించాలి. బంతీ ఆ కుటుంబానిదే.

రోగి ఎండ తగిలిన చోటనే బాధపడుతున్నాడని ఎండే కారణమని నిర్ణయించడం తొందరపాటు. గాలిలోని ధూళీ బట్ట కప్పని చోటనే పడుతుంది. ఒక చిన్న భేదం ఉపకరిస్తుంది: గడ్డం కిందా, చెవుల వెనకా, కనురెప్పలమీదా ఎండ తక్కువ పడుతుంది, ధూళి మాత్రం చేరుతుంది. ఆ చోట్ల ఏమీ లేకుండా నుదురు, బుగ్గలు, మెడముందు త్రికోణం మాత్రమే ఎర్రబడితే ఎండను అనుమానించవచ్చు. తుదినిర్ణయం చర్మవైద్యుని పట్టీ పరీక్షదే.

6. ఖనిజ లేపనాలు: జింక్ ఆక్సైడ్ ఎందుకు?

సున్నిత చర్మానికి ప్రపంచవ్యాప్తంగా వైద్యులు మొదట సూచించేవి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న లేపనాలు. అమెరికా నియంత్రణ సంస్థ 2019లో ప్రతిపాదించిన నియమాల్లో 16 రక్షక పదార్థాలను సమీక్షించి, అందుబాటులోని సమాచారంతో సురక్షితమైనవిగా, ఫలదాయకమైనవిగా ఈ రెండింటినే పేర్కొంది. మిగిలినవాటిలో రెండింటిని తిరస్కరించి, పన్నెండింటికి మరింత సమాచారం కోరింది. సమాచారం చాలదనడం హానికరమని తేల్చడం కాదు. అలాగని కర్బన రక్షకాలన్నీ సున్నిత చర్మానికి సమానం కావు. ఆక్సీబెంజోన్ చెందిన బెంజోఫినోన్ల వర్గాన్ని అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2014లో ‘ఆ ఏటి అలర్జీకారకం’గా ప్రకటించింది. కీళ్లనొప్పులకు కీటోప్రొఫెన్ జెల్ వాడి దద్దుర్లు తెచ్చుకున్నవారికి ఆక్టోక్రిలీన్ కూడా పడకపోవచ్చు.

జింక్ ఆక్సైడ్ అద్దంలా కిరణాలను వెనక్కి తిప్పికొడుతుందని పాఠ్యపుస్తకాల్లో సైతం రాస్తున్నారు. ఇది సరికాదు. అతినీలలోహిత కిరణాల్లో ఈ ఖనిజాలు వెనక్కి పంపేది అయిదు శాతం మాత్రమే. మిగతా రక్షణ అంతా పీల్చుకోవడం వల్లనే. 375 నానోమీటర్ల ప్రాంతందాకా జింక్ ఆక్సైడ్ బలంగా పీల్చుకుంటుంది. అందువల్ల యూవీబీతోపాటు యూవీఏలో ఎక్కువభాగం దాని పరిధిలోకి వస్తుంది. టైటానియం డయాక్సైడ్ యూవీబీలో బలమైనది, దీర్ఘ యూవీఏలో బలహీనం. రెండింట్లో ఒకటే ఎంచుకోవలసి వస్తే సున్నిత చర్మానికి జింక్ మేలు. ఇది చర్మంలోకి ఇంకదు, అలర్జీ కలిగించడం అత్యంత అరుదు. పసిపిల్లల ఒరుపుళ్లకు తరతరాలుగా వాడుతున్న మలాముల్లో ఉన్నదీ ఇదే.

ఇదైనా సహజమా అంటే, జింక్ లోహాన్ని 907 డిగ్రీల మరుగుస్థానం దాటించి, ఆ ఆవిరిని గాలిలో మండించి తయారుచేసేది. ఫ్రెంచి పద్ధతిగా ప్రసిద్ధమైన ఈ ప్రక్రియ కర్మాగారంలో జరుగుతుంది. గనిలోని ముడిఖనిజంలో సీసం వంటి మలినాలుంటాయి కనుక కర్మాగారపు శుద్ధి ఇక్కడ దోషం కాదు, గుణం. మన రసశాస్త్రంలోని యశదభస్మం కూడా అగ్నిసంస్కారంతోనే సిద్ధిస్తుంది. అయితే ఔషధంగా చేసిన ఆ భస్మాన్ని ముఖానికి పూసుకుంటే సూర్యరక్షణ లభిస్తుందనుకోరాదు. రక్షణ ఇచ్చేది పదార్థం ఒక్కటే కాదు. అది ఎంత సన్నని రేణువులుగా, ఎంత సమానంగా పొరగా పరచుకుందన్నది. జింక్ ఆక్సైడ్ పొడి కొని కొబ్బరినూనెలో కలుపుకొమ్మనే సలహా ఈ కారణంగానే చెల్లదు. ఇంట్లో కలిపితే రేణువులు ముద్దకట్టి, ముద్దకూ ముద్దకూ నడుమ చర్మం ఖాళీగా మిగులుతుంది. అది కంటికి కనబడదు. పొడి పీల్చడం ఊపిరితిత్తులకూ మంచిది కాదు. కాలమైన్ లోషన్‌లో జింక్, కొద్దిపాటి ఇనుప ఆక్సైడ్ ఉన్నప్పటికీ రక్షణాంకం ముద్రించి ఉండకపోతే దాన్ని ఎండ లేపనంగా లెక్కించకూడదు.

7. మంగు, తెల్లపొర

ఖనిజ లేపనం రాసిన చామనఛాయ ముఖం బూడిద పూసినట్లు కనబడుతుంది. ఇది అందానికి సంబంధించిన చిన్నవిషయంగా కొట్టివేయదగినది కాదు. తెల్లపొర కనబడకూడదని జనం పలుచగా రాస్తారు. పలుచగా రాస్తే ముద్రించిన అంకంలో కొంతభాగమే దక్కుతుంది. రేణువుల్ని నానో పరిమాణానికి తగ్గిస్తే తెల్లదనం తగ్గుతుంది, దాంతోపాటు దీర్ఘ యూవీఏ రక్షణ కూడా కొంత తగ్గుతుంది.

దీనికి మెరుగైన పరిష్కారం రంగు కలిపిన లేపనం. గోధుమ, ఎరుపు, పసుపు ఛాయలిచ్చే ఇనుప ఆక్సైడ్లు మేనిఛాయతో కలిసిపోవడమే కాక, కంటికి కనబడే కాంతినీ కొంత ఆపుతాయి. మన ఛాయల్లో మంగును పెంచేది అతినీలలోహిత కిరణాలొక్కటే కాదు, నీలికాంతి కూడా. తెల్లని చర్మంలో ఈ ప్రభావం కనబడకపోవడంతో చాలాకాలం దానిపై దృష్టి పడలేదు. మంగు ఉన్నవారికి రంగులేని 50 అంకపు లేపనంకంటే ఇనుప ఆక్సైడ్లున్న 30 అంకపు లేపనం ఎక్కువ మేలు చేయవచ్చని నా అభిప్రాయం. ఆ రంగులు పాశ్చాత్య మేనిఛాయలకు సరిపోయేలా వస్తున్నాయన్న ఫిర్యాదు న్యాయమైనదే.

మంగు గర్భిణీ స్త్రీలలో అధికం. ఈ సందర్భంలో కోటప్పకొండ స్థలగాథ గుర్తుకొస్తుంది. గొల్లభామ ఆనందవల్లి స్వామికి అభిషేకజలం, పాలు మోసుకుంటూ నిత్యం కొండెక్కిందనీ, నిండుచూలాలుగా కూడా ఆ నియమం వదలలేదనీ భక్తులు చెప్పుకుంటారు. ఆమె కుండను కాకి దొర్లించినందుకే ఈ కొండపై కాకి వాలదని ప్రతీతి. స్థలపురాణాన్ని వైద్యగ్రంథంగా చదవడం నా ఉద్దేశం కాదు. గర్భిణిగా ఎండలో బరువు మోసే స్త్రీ ఈ ప్రాంతపు ఊహకు కొత్త కాదని చెప్పడం మాత్రమే. గర్భిణులకు, బాలింతలకు ఖనిజ లేపనమే మొదటి ఎంపిక. మంగుకు వాడే కొన్ని పూతమందులు ఆ సమయంలో నిషిద్ధం కనుక వారికి నివారణే చికిత్స.

8. చీటీలో చూడవలసినవి, మోతాదు

మనకు దొరికే లేపనాల పెట్టెలమీద పదార్థాల జాబితా ఇంగ్లీషులోనే, అదీ సూక్ష్మాక్షరాల్లో ఉంటుంది. తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండేది ప్రకటన మాత్రమే. జాబితాలో మొదట వెదకవలసినది జింక్ ఆక్సైడ్. దాని శాతం ఇచ్చి ఉంటే 15 నుంచి 25 మధ్య ఉండటం మంచిది; అమెరికా, ఐరోపా నియమాలు అనుమతించే గరిష్ఠం 25. రక్షణాంకం 30కి తగ్గకూడదు. యూవీఏ రక్షణకు జపాను పద్ధతిలో ‘పీఏ’ పక్కన కూడికగుర్తులు వేస్తారు. మూడుగానీ నాలుగుగానీ ఉండాలి. ఐరోపా సరుకుపై వృత్తంలో యూవీఏ అని ఉంటే రక్షణాంకంలో కనీసం మూడోవంతు యూవీఏ రక్షణ ఉందని అర్థం. 

ఇక ఉండకూడనిది సువాసన. ‘ఫ్రాగ్రెన్స్’, ‘పర్ఫ్యూమ్’ అనే మాటలతోపాటు లావెండర్, నారింజ, చందనం తదితర సుగంధతైలాలూ ఆ కోవలోవే. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ వేరు, ‘అన్‌సెంటెడ్’ వేరు. రెండవదానిలో వాసనను కప్పిపుచ్చే మరో సువాసన ఉండవచ్చు. పదార్థాల జాబితా ఎంత పొడవుగా ఉంటే అలర్జీకి అన్ని తలుపులు తెరిచినట్లే. ఇరవై మూలికల సారాలున్న లేపనం కంటే పది పదార్థాల సాదా లేపనం సున్నిత చర్మానికి నయం.

మోతాదు దగ్గర చాలామంది పొరబడతారు. ముద్రించిన అంకం చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచినది. ముఖానికి, మెడకు కలిపి గ్రాముకు పైగా కావాలి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు పిండితే ఇంచుమించు ఆ పరిమాణం వస్తుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అనుకుంటే 50 గ్రాముల గొట్టం మూడువారాలకు అయిపోతుంది. చెమట పట్టే పనిలో రెండు గంటలకొకసారి రాయమన్న శాస్త్రీయ సూచన పాటిస్తే వారం పదిరోజులే. కళాశాల అధ్యాపకులకు ఇది భరించదగిన ఖర్చు కావచ్చు, మిరపకోత కూలీకి కాదు.

అందువల్ల లేపనానికి ముందు బట్ట గురించి చెప్పుకోవాలి. పల్నాడు చేలల్లో స్త్రీలు చీరపైన నిండుచేతుల మగచొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని పనిచేయడం మనకు నిత్యదృశ్యం. సున్నిత చర్మానికి ఇంతకంటే నిరపాయమైన రక్షణ లేదు. దానికి అలర్జీ లేదు, చెమటకు కారిపోదు. అయితే పలుచని తెల్లనూలు బట్ట రక్షణాంకం 5 నుంచి 7 వరకే, తడిస్తే ఇంకా తక్కువ. నేత దట్టంగా ఉన్న ముదురురంగు బట్ట ఎక్కువ ఆపుతుంది, వేడి మాత్రం ఎక్కువ. ఈ రెంటి మధ్య రాజీ పనిచేసేవారే చేసుకోవాలి. బట్ట కప్పలేని ముక్కు, బుగ్గలు, మెడవెనక భాగానికి మాత్రమే లేపనం వాడితే గొట్టం రెట్టింపు కాలం వస్తుంది.

9. వాడేముందు పరీక్ష

కొత్త లేపనాన్ని నేరుగా ముఖానికి రాయరాదు. మోచేతి మడతకు దిగువన, ముంజేతి లోపలివైపు, రూపాయి బిళ్లకు కాస్త పెద్దదైన చోట పొద్దున, సాయంత్రం రాసి కడగకుండా వదలాలి. వారం నుంచి పదిరోజులు ఇలా చేయాలి. మొదటిరోజే మంట పుడితే అది చర్మం రేగడం. నాలుగైదు రోజుల తరువాత దురద, చిన్న పొక్కులు వస్తే అలర్జీ కావచ్చు. ఒకరోజు పరీక్షతో సరిపెట్టుకునేవారికి ఈ రెండవది తెలియకుండా పోతుంది. ముంజేతిపై ఏమీ కాకపోతే దవడ అంచున మూడురోజులు, ఆపైన ముఖమంతా. నీడలో పడిన లేపనం ఎండలో పడకపోవడమూ ఉంది. అది కాంతితో కూడిన అలర్జీ. దానికి ఆసుపత్రిలో చేసే ఫోటోపట్టీ పరీక్ష తప్ప ఇంటిపరీక్ష చాలదు. డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు, కొన్ని రక్తపోటు మాత్రలు వాడుతున్నవారికి ఎండే పడకపోవచ్చు కనుక లేపనం మార్చేముందు మందుల చీటీని వైద్యునికి చూపాలి.

శివరాత్రికి ప్రభ వెంట నడవదలచినవారు సంక్రాంతి దాటిన వారంలో ఈ పరీక్ష మొదలుపెడితే పడనిదాన్ని వదిలి మరొకటి పరీక్షించడానికీ వ్యవధి చిక్కుతుంది. నాటి ఉదయం స్నానానంతరం చర్మం తడి ఆరాక లేపనం రాసి, పావుగంట ఆగి, దానిపైన విభూతి ధరించవచ్చు. దారిలో చెమటను తువ్వాలుతో రుద్దకుండా అద్ది, నీడ దొరికినచోట మళ్లీ రాసుకోవాలి. రాత్రి జాగారానికి కూర్చునేముందు ముఖం కడుక్కోవాలి. ఖనిజ లేపనం ఉత్తనీటితో పోదు. కొద్దిగా నూనె రాసి మెత్తని బట్టతో తుడిచి, ఆపైన గాఢత తక్కువైన సబ్బు వాడితే సరిపోతుంది.